సోడా కొట్టు, ఆర్టోస్ సీసా

(స్వర్ణోత్సవ సభ రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

  వెనక నిలబడి కబుర్లు చెప్పుకుంటున్న తమ్ముళ్ళూ, మీరు కబుర్లు ఆపక్కర్లేదు. మన స్కూల్లో వెనక బెంచీ ఎప్పుడూ అంతే.

కార్యదర్శి గారు ఫోన్ చేసి "మాస్టారూ, మీరు ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పారు, సైన్సు మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి, పిల్లలకి పనికొస్తుంది" అన్నారు. సరే అన్నాను. సోడా గురించి మాట్లాడతానంటే అవతల కాసేపు చప్పుడు లేదు. "వంటసోడానా అండీ?" అన్నారు. కాదు, తాగే సోడా. గోలీ సోడా. దాని పక్కనే మన ఆర్టోస్. ఈ రెండింటి మధ్య నేను పెరిగాను. నా బ్యాచ్ వాళ్ళకి ఇది తెలుసు, 1972 పదో తరగతి. వాళ్ళలో సగం మంది నన్ను ఇప్పటికీ "సోడాబుడ్డీ" అనే పిలుస్తారు. తరవాత వచ్చిన బ్యాచ్‌లు నా కళ్ళద్దాల మందం చూసి ఆ పేరు వచ్చిందనుకున్నారు. కాదండీ. కళ్ళద్దాలు కాలేజీలో వచ్చాయి. పేరు మన స్కూలు గేటు ఎదురుగా మా నాన్న పెట్టుకున్న సోడా కొట్టు వల్ల వచ్చింది.

తాటాకు పాక. ముందు ఒక బల్ల, బల్ల మీద చెక్క అరలు, వాటిలో సీసాలు. వెనక గోడ వారన ఇనప యంత్రం, దానికో పెద్ద చక్రం, పక్కన కాకినాడ నుంచి లారీ మీద వచ్చే గ్యాసు సిలిండరు. పెద్దవాళ్ళు మర్చిపోయి ఉంటారు, పిల్లలు చూసి ఉండరు, కాబట్టి సోడా ఎలా కొట్టేవారో చెబుతాను. "కొట్టడం" అనే అనేవాళ్ళం. సోడా తయారు చెయ్యడం అని మా ఇంట్లో ఎవరూ అనలేదు.

ముందు నీళ్ళు. మన వైపు నీళ్ళ సంగతి మీకు తెలిసిందే. సముద్రం దగ్గరపడేకొద్దీ నుయ్యి ఉప్పు తిరుగుతుంది. అందుకని మా నాన్న కాలవ నీళ్ళే వాడేవాడు. వేకువనే రెండు కావిళ్ళు తెచ్చి, బానలో పోసి, లోపలి అంచుకి చిల్లగింజ అరగదీసేవాడు. మధ్యాహ్నానికి బురదంతా అడుక్కి దిగి నీళ్ళు తేటపడేవి. మడత పెట్టిన గుడ్డలో వడకట్టేవాడు. "సోడాలో గ్యాసు ఎవడైనా కొడతాడు, నీళ్ళే కొట్టు పరువు" అనేవాడు. నేను తరవాత చదివిన కెమిస్ట్రీ అంతా కలిపినా ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను. నీళ్ళలో ఉప్పు, సున్నం ఎక్కువైతే ఎంత గ్యాసు పట్టించినా నాలుక ముందు వాటినే గుర్తుపడుతుంది.

తరవాత సీసా. మెడ దగ్గర నొక్కులు, లోపల గాజు గోలీ, మూతి లోపలి అంచున రబ్బరు వాషరు. మనమంతా అది మన దేశపు సొత్తనుకుంటాం కానీ, దాన్ని కనిపెట్టినవాడు హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1870లలో పేటెంటు తీసుకున్నాడు. ఇంగ్లాండులో ఆ సీసా ఎప్పుడో మ్యూజియంలోకి వెళ్ళిపోయింది. జపాన్‌లో రామునే అనే పానీయానికి ఇప్పటికీ వాడుతున్నారు. మన దగ్గరా వాడుతున్నాం. మూత లేదు, బిరడా లేదు. నీళ్ళు పోసిన సీసాని యంత్రంలో బిగించి, గ్యాసు వదిలి చక్రం తిప్పితే సీసా తలకిందులవుతుంది. గోలీ జారి మూతి దగ్గరకొస్తుంది. లోపలి గ్యాసే దాన్ని వాషరుకి అదిమి పట్టుకుంటుంది. అంటే బయటికి పారిపోదామని తోసుకొచ్చే గ్యాసే తన దారిని తాను మూసుకుంటుందన్న మాట. ఇంత చక్కటి ఊహ నేను పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా చూడలేదు. తాగేటప్పుడు నొక్కులున్న వైపు కిందికి పెట్టి వంచాలి, గోలీ వాటి మీద ఆగిపోతుంది. కొత్తవాళ్ళు తిరగేసి పట్టుకుంటే గోలీ వచ్చి మూతికి అడ్డం పడేది. మనవాళ్ళ నవ్వులు అప్పుడు చూడాలి.

ఇంత అందమైన సీసాకీ కోపం ఉంది. గాజులో ఎక్కడైనా కంటికి కనపడని బీట ఉంటే యంత్రంలోనే పేలేది. అందుకని తడిపిన గోనెసంచి కప్పి చక్రం తిప్పేవాడు. మా నాన్న ఎడమ అరచేతి మీద మూడు కుట్లు ఉండేవి. వాటి గురించి అడిగితే "సరుకు బాగుంటే ఆ మాత్రం పౌరుషం ఉంటుంది" అని నవ్వేవాడు.

ఆ అరల్లో కింది వరసలో ఆర్టోస్ ఉండేది. అది మేం కొట్టింది కాదు. రామచంద్రపురం నుంచి కేసులు కేసులుగా వచ్చేది. నల్లటి ముదురు రంగు, లోహపు మూత, సీసా మీద పేరు. దాని ఖరీదుకి మా సోడాలు నాలుగు వచ్చేవి. అందుకని రోజూ అమ్ముడయ్యేది కాదు. పెళ్ళివారికి, కొత్త అల్లుళ్ళకి, కచేరీ నుంచి వచ్చిన గుమస్తాగారికి, జ్వరం తగ్గాక నోరు చేదుగా ఉందన్న పిల్లలకి. పెళ్ళిలో విడిదింటికి ఎన్ని కేసుల ఆర్టోస్ పంపారన్న లెక్క మీద మర్యాద తూచేవారు. ఒక పెళ్ళిలో మగపెళ్ళివారు ఆర్టోస్ చల్లగా లేదని అలిగితే, మా నాన్నని అర్ధరాత్రి లేపి ఐసు దిమ్మ తెప్పించారు.

దాని చరిత్ర మన ప్రాంతం వాళ్ళు గర్వంగా చెప్పుకోదగ్గది. రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు గారు 1919లో మొదలుపెట్టారు. తెల్లవాళ్ళ దగ్గర వాడి వాడి పాతబడి పక్కన పడేసిన సోడా యంత్రం ఒకటి ఆయన చేతికి వచ్చిందనీ, దాన్ని బాగు చేసుకుని ఆరంభించారనీ మన ఊళ్ళలో చెప్పుకుంటారు. తొలి రోజుల్లో సీసా తెరిస్తే వచ్చే చప్పుడుకి జనం జడుసుకున్నారనీ, లోపల ఏదో భూతం ఉందన్నారనీ మా తాత చెప్పేవాడు. మా తాత చెప్పిన వాటిలో సగం తగ్గించి నమ్మడం మా ఇంటి ఆచారం. ఆర్టోస్ అన్న పేరు ఎ.ఆర్. రాజు టానిక్స్ అన్న మాటల్లోంచి వచ్చిందంటారు. ఓసారి గ్రీకు చదువుకున్న ఒక ఫాదరీ గారు ఆ సీసా చూసి, గ్రీకులో ఆర్టోస్ అంటే రొట్టె అని చెప్పి మమ్మల్ని ఆశ్చర్యపరిచారు. రొట్టె కాదు కదా, ఇడ్లీ కూడా కాదది. పేరేదైనా 2019 నాటికి నూరేళ్ళు నిండాయి. తమిళనాట కాళీమార్క్ వాళ్ళు 1916లో విరుదునగర్‌లో మొదలయ్యారు, వాళ్ళ బొవాంటో అక్కడివాళ్ళకి ఎంతో, మన ఆర్టోస్ మనకంత. ఆ రెండూ ద్రాక్ష వాసన మీద నిలబడ్డవే కావడం నాకు వింతగా ఉంటుంది.

ద్రాక్ష అన్నాను కాబట్టి మాస్టారి బుద్ధి పోనిచ్చుకోకుండా ఒక మాట. గ్రేప్ రుచి పానీయాల్లో, మిఠాయిల్లో మనకి తగిలే ఆ వాసనకి సాధారణంగా కారణం మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం. అమెరికాలో పండే కాంకర్డ్ ద్రాక్షలో అది సహజంగా ఉంటుంది. హైదరాబాదు చుట్టుపక్కల పేరు తెచ్చుకున్న మన అనాబ్-ఎ-షాహీలో ఆ వాసన కోసం వెతికితే దొరకదు. చిన్నప్పుడు మొదటిసారి అసలు ద్రాక్షపండు తిన్నప్పుడు నేను నిరాశపడ్డాను. "నాన్నా, ఇందులో ద్రాక్ష రుచి లేదేం?" అన్నాను. మనలో చాలామందికి ద్రాక్ష అంటే ముందు ఆర్టోస్, తరవాతే పండు.

దాని రుచి చెప్పమంటే నాకు తెలిసినట్టు చెబుతాను. ముందు తీపి, అది మొహమాటం లేకుండా వస్తుంది. వెంటనే ముక్కులోకి ఎక్కే పండు వాసన. ఆ తరవాత గ్యాసు పొడవడం. చివర్న నేరేడుపండు తిన్నాక ఉండేంత కాస్త వగరు నాలుక మీద మిగిలిపోతుంది. చల్లగా ఉంటే ఇవన్నీ వరసలో వస్తాయి. వెచ్చబడితే తీపి ఒక్కటే నిలబడుతుంది, మిగిలినవి లేచిపోతాయి. కారణం ఉంది. చల్లదనంలో నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది, నీళ్ళలో గ్యాసు ఎక్కువ నిలుస్తుంది. కూల్‌డ్రింకుల్లో నూరు మిల్లీలీటర్లకి దాదాపు పది, పదకొండు గ్రాముల చక్కెర పోసేది అందుకే. రెండొందల మిల్లీలీటర్ల సీసాలో అయిదు చెంచాలు. నాకు చక్కెర వ్యాధి వచ్చాక డాక్టరు గారు సీసాని ముట్టుకోవద్దన్నారు. నేను రెండు గుక్కలకి రాజీ కుదుర్చుకున్నాను, ఆయనకి చెప్పకండి.

గ్యాసు పొడవడం సంగతి కూడా చెప్పేస్తాను. అది బుడగలు పగలడం వల్ల అని నేనే ఇరవై ఏళ్ళు క్లాసులో చెప్పాను. తప్పు చెప్పాను. గ్యాసు నీళ్ళలో కలిసి ఆమ్లంగా మారడాన్ని పులుపు తెలిపే కణాలు ఒక ఎంజైము సాయంతో పసిగడతాయని 2009లో అమెరికాలో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో తేలింది. ఈ సభలో నా పాత విద్యార్థులు ఎవరైనా ఉంటే దిద్దుకోండి.

ఇప్పుడు నేను చెప్పడానికి కాస్త బిడియపడే సంగతి. ఎనిమిదో తరగతిలో ఓ రిజిస్టరు నింపుతూ తండ్రి వృత్తి అడిగితే "వ్యాపారం" అని రాయించాను. వెనక బెంచీ నుంచి ఎవరో "గ్యాసు వ్యాపారమండీ" అన్నారు. ఆ అన్నవాడు ఇవాళ మూడో వరసలో కూర్చుని తల గోక్కుంటున్నాడు. ఆ రోజు నుంచి ఇంటర్వెల్‌లో గేటు వైపు వెళ్ళడం మానేశాను. దాహం వేస్తే బోరింగు దగ్గర తాగేవాణ్ణి. అది ఉప్పునీళ్ళు. మా నాన్న అడగలేదు. సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి మాత్రం ఒక సీసా మిగిల్చి ఉంచేవాడు.

తొమ్మిదో తరగతిలో సైన్సు మాస్టారు కార్బన్ డయాక్సైడు పాఠం మొదలుపెట్టారు. ల్యాబులో పాలరాయి ముక్కలున్నాయి, ఆమ్లం అయిపోయింది. ఆయన కిటికీలోంచి గేటు వైపు చూశారు. నా గుండె జారిపోయింది. "ఒరేయ్, వెళ్ళి మీ నాన్నగారిని ఒక సోడా తీసుకుని రమ్మన్నానని చెప్పు" అన్నారు. సోడా తెమ్మంటే నేనే తెచ్చేవాణ్ణి. నాన్నని రమ్మన్నారు.

మా నాన్న భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డాడు. "లోపలికి రండి" అన్నారు మాస్టారు. వచ్చాడు. తన కుర్చీ లాగి "కూర్చోండి" అన్నారు. మా నాన్న కూర్చోలేదు. "చిత్తం, పరవాలేదండి" అని బల్ల పక్కన నిలబడ్డాడు. గోలీ నొక్కి, వెంటనే రబ్బరు గొట్టం ఉన్న బిరడా బిగించి, గొట్టం కొసని సున్నపు తేటలో పెట్టారు. బుడబుడలాడుతూ తేట పాలలా తెల్లబడింది. క్లాసంతా "ఓ" అంది. "ఇంకా పోనిద్దాం" అన్నారు. సీసాని మా నాన్న మెల్లగా ఊపుతూ ఉన్నాడు, ఎంత ఊపాలో ఆయనకి తెలుసు. కాసేపటికి ఆ తెలుపు మళ్ళీ విరిగి తేటపడింది. అప్పుడు మాస్టారు క్లాసు వైపు తిరిగి, నీళ్ళలో గ్యాసు ఎక్కువ నిలవాలంటే ఏం చెయ్యాలో ఈయన్ని అడగండి అన్నారు. మా నాన్న తడుముకోలేదు. "నీళ్ళు సల్లగా ఉండాలండి. గట్టిగా అదిమి కొట్టాలండి" అన్నాడు. మాస్టారు బోర్డు మీద రెండు నియమాలు రాసి, వాటి కింద "ఉష్ణోగ్రత, పీడనం" అని గీత గీశారు.

ఆ మాస్టారు ఇప్పుడు లేరు. ఉండి ఉంటే ఇవాళ ఈ కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి నేను నిలబడేవాణ్ణి. ఆ మర్నాడు ఇంటర్వెల్‌లో నేను గేటు దగ్గరకి వెళ్ళి, చక్రం తిప్పాను. మా నాన్న చూసి "మెల్లగా" అన్నాడు, అంతే.

తరవాతి కథ మీ అందరికీ కొంత తెలుసు. 1977లో కోకాకోలా దేశం వదిలి వెళ్ళింది. ఆ ఖాళీలోకి థమ్సప్ వచ్చింది. మా కొట్టుకి అవేవీ పెద్ద తేడా చెయ్యలేదు. పట్నంలో ఏం తాగుతున్నారో మన ఊరికి అయిదేళ్ళకి గానీ తెలిసేది కాదు. 1990లో పెప్సీ, 1993లో మళ్ళీ కోకాకోలా వచ్చాయి. పార్లే వాళ్ళ థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్ అన్నీ కోకాకోలా చేతికి వెళ్ళిపోయాయి. వాటిలో గోల్డ్ స్పాట్ కొన్నాళ్ళకి కనపడకుండా పోయింది. దేశమంతా తెలిసిన పానీయం పోయింది. రెండు మూడు జిల్లాల్లో తెలిసిన ఆర్టోస్ మిగిలింది. ఇది ఎలా జరిగిందని నేను చాలా ఆలోచించాను. గాజు సీసా చాలా బరువుంటుంది. నిండువి తీసుకెళ్ళాలి, ఖాళీవి తిరిగి తేవాలి. కాబట్టి ఆ వ్యాపారం ఒక చుట్టుకొలతలోనే సాగుతుంది. ఆ చుట్టుకొలతలో ప్రతి కొట్టువాడి పేరూ, బాకీ తెలిసి ఉంటాయి. ప్రతి ఇంట్లో ఒక పెళ్ళి జ్ఞాపకం ఉంటుంది. పెద్ద కంపెనీల డబ్బు ఆ చుట్టు దాటి లోపలికి రావడం కష్టమైందని నా ఉద్దేశం. ప్లాస్టిక్ సీసా వచ్చాక ఆ లెక్క మారింది. అది తేలిక, తిరిగి రానక్కర్లేదు, ఎంత దూరమైనా పోతుంది. అయితే అందులోంచి గ్యాసు రోజుకింత బయటికి జారిపోతూనే ఉంటుంది, గాజులోంచి పోదు. 2017లో జి.ఎస్.టి. వచ్చాక తీపి గ్యాసు పానీయాల మీద 28 శాతం పన్ను, పైన 12 శాతం సెస్సు వేశారు. దేశమంతా అమ్మేవాడికీ అంతే, రెండు జిల్లాల్లో అమ్మేవాడికీ అంతే. నాకది న్యాయమనిపించలేదు.

మా కొట్టు అంతవరకు ఆగలేదు. 1995 వేసవికి ముందు ఒక పెద్ద కంపెనీ మనిషి వచ్చి ఫ్రిజ్ ఊరికే ఇస్తామన్నాడు. షరతు ఒకటే, అందులో వాళ్ళ సీసాలు తప్ప ఇంకోటి పెట్టకూడదు. మా నాన్న "మరి ఆర్టోస్ ఎక్కడ పెట్టనండీ?" అన్నాడు. నేను అప్పటికి లెక్చరర్ని. సెలవులకి వచ్చి ఉన్నాను. "ఊరికే వస్తుంటే ఆలోచిస్తావేంటి నాన్నా" అని నేనే గట్టిగా చెప్పి ఒప్పించాను. ఫ్రిజ్ వచ్చింది. ఆర్టోస్ బయట, రంపపు పొట్టు పోసిన చెక్క పెట్టెలో ఐసు ముక్కల మధ్యకి మారింది. సోడా యంత్రానికి చోటు చాలక పెరట్లోకి మార్చాం. రెండు వానలు తడిసింది. ఆ తరవాత ఆయనకి జబ్బు చేసింది. కొట్టు అద్దెకిచ్చేశాం.

ఓ రోజు పాత ఇనుము కొనేవాడు వీధిలోకి వస్తే, ఆయన నిద్రపోతుండగా యంత్రం వేసేశాను. అడ్డంగా ఉంది, తుప్పు పట్టింది, మనవలకి గుచ్చుకుంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. చాలాసేపు పెరటి వైపు చూసి "ఎంత తూగిందిరా?" అన్నాడు. చెప్పాను. "చక్రం ఒక్కటే అంత ఉంటుందిరా. నిన్ను మోసం చేశాడు" అని అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లవాళ్ళు పక్కన పడేసిన పాత యంత్రంతో రామచంద్రపురంలో ఒకరు నూరేళ్ళ పని మొదలుపెట్టారన్న కథ ఎవరి నోట విన్నా, నాకు ఆ తూకమే గుర్తొస్తుంది.

యంత్రం పోయినా ఒక్క సీసా మిగిలింది. మా ఆవిడ దాన్ని మనీప్లాంటుకి వాడుతోంది. తెచ్చి ప్రదర్శనలో పెట్టమని కార్యదర్శి గారు అడిగారు, పెట్టాను. ముట్టుకోవచ్చు. పిల్లలు వేలు లోపల పెట్టకండి, రాదు. మా నాన్న కొట్టులో చాలామంది వేళ్ళు సబ్బు నీళ్ళతో తీయవలసి వచ్చింది.

చివరిగా రెండు ప్రకటనలు. భోజనాల దగ్గర ఆర్టోస్ ఉంది, ప్లాస్టిక్ సీసాల్లోనే దొరికింది, ఐసులో బాగా ముంచి పెట్టించాను. గేటు దగ్గర, మా పాక ఉండిన చోటే, పక్క ఊరి నుంచి గోలీ సోడా బండి వచ్చి ఉంది. ఆ అబ్బాయి నూట ఇరవై సీసాలు తెచ్చాడు. లెక్క నా దగ్గర ఉంది. తాగాక సీసా ఇంటికి పట్టుకుపోకండి, గోలీ కోసం పగలగొట్టకండి. మూడో వరసలో ఉన్న మా గ్యాసు వ్యాపారం మిత్రుడికి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. సీసాలు అతని బండి అరల్లోనే తిరిగి పెట్టండి.